చెరువు కట్టిన ఊరు

ఉదయ్‌పూర్‌ను సరస్సుల నగరం అనడం తెలుగు పత్రికల్లో స్థిరపడిపోయింది. సరస్సు అనగానే కొండల నడుమ దానంతట అది ఏర్పడిన నీటి మడుగు మనసులో మెదులుతుంది. ఉదయ్‌పూర్‌లో పేరుమోసిన నీళ్లలో అలాంటిది ఒక్కటీ లేదు. పిచోలా, స్వరూప్ సాగర్, ఫతే సాగర్, ఉదయ్ సాగర్, అన్నీ పారే నీటికి అడ్డంగా కట్ట పోసి నిలబెట్టినవే. కట్ట, తూము, అలుగు, పైనుంచి దిగే వాగు, కిందికి పోయే కాలువ ఉన్నదాన్ని తెలుగు నేల మీద చెరువు అంటారు. ఈ ఒక్క మాట మారితే ఊరిని చూసే వరుస కూడా మారుతుంది. సరస్సును ఒడ్డున కూర్చుని చూస్తారు. చెరువును చూడాలంటే కట్ట ఎక్కాలి, నీరు ఎటునుంచి వస్తోందో, నిండితే ఎటు పోతుందో కనుక్కోవాలి.

రాజస్థాన్ దక్షిణాన, సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, ఆరావళి కొండలు గిన్నె అంచులా చుట్టుకున్న లోయలో ఈ ఊరు ఉంది. ఆ కొండల వలయాన్ని స్థానికంగా గిర్వా అంటారు. ఏడాది పొడవునా పారే నది లేదు. వాన ఏటా 600 మిల్లీమీటర్ల పైచిలుకు, అంటే అనంతపురం ప్రాంతంలో కురిసేదానికన్నా కాస్త ఎక్కువ. అందులో చాలా భాగం జూన్ చివరి నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. పైగా ఊరికి పడమటనే దేశపు పెద్ద నీటి గట్టు ఒకటి నడుస్తోంది. ఆ కొండలకు అవతల పడిన చినుకు సబర్మతిలో కలిసి అరేబియా సముద్రానికి పోతుంది. ఇవతల పడిన చినుకు ఆహార్, బేరచ్, బనాస్, చంబల్, యమున, గంగల వెంట దిగి బంగాళాఖాతం చేరుతుంది. రెండు సముద్రాలకూ దూరంగా, రెండింటికీ నీళ్లు పంపే చోట, పోయే నీటిని కొంతకాలం ఆపుకోవడమే ఇక్కడి బతుకుతెరువు.

ఆ పని మొదలుపెట్టింది రాజు కాదని ఊరి కథ. 14వ శతాబ్దంలో, రాణా లాఖా కాలంలో, ధాన్యం మోసుకుపోయే ఒక బంజారా వర్తకుడు పిచోలీ అనే పల్లె దగ్గర వాగుకు కట్ట వేయించాడని చెబుతారు. పల్లె పేరే చెరువుకు వచ్చింది. వేల ఎద్దులతో సాగే బిడారుకు దారి పొడవునా మేత, నీళ్లు కావాలి. కట్ట వేయడం వర్తకుడికి పుణ్యమూ అవుతుంది, అవసరమూ తీరుతుంది. తెలంగాణ తండాల్లోని లంబాడీల పూర్వీకులు ఇలాంటి ధాన్యపు బిడారులతోనే రాజస్థాన్ వైపునుంచి దక్కనుకు దిగివచ్చినవారు. ఇవాళ పిచోలా ఒడ్డున ఫొటోలు దిగే తెలుగు యాత్రికుల్లో ఎంతమందికి ఈ చుట్టరికం తట్టి ఉంటుందో చెప్పలేం. తట్టితే మాత్రం ఆ నీళ్లు పరాయివిగా అనిపించవు.

రాజధాని తరవాత వచ్చింది. ఈ ప్రాంతాన్ని ఏలిన మేవాడ్ రాజులకు అప్పటిదాకా చిత్తోర్‌గఢ్ ఆధారం. కోట ఎంత గట్టిదైనా బయట మైదానం ఉంటే శత్రువు చుట్టూ దిగి కూర్చుంటాడని పదేపదే అనుభవమైంది. మహారాణా రెండవ ఉదయ్‌సింగ్ 1559లో పిచోలా పక్కన కొత్త ఊరికి పునాది వేశాడు. వేటకు వచ్చినప్పుడు ఒక సాధువు ఈ గుట్టను చూపి ఇక్కడే కట్టుకోమన్నాడని కథ. ఆ చోటును ధూనీ మాత పేరుతో నేటికీ కోట లోపల పూజిస్తారు. తొమ్మిదేళ్లు తిరక్కుండానే, 1568లో, చిత్తోర్ అక్బరు వశమైంది. ఉదయ్‌సింగ్ వచ్చీరాగానే రెండు పనులు చేశాడు. పిచోలా కట్టను ఎత్తు చేయించాడు. ఊరికి తూర్పున బేరచ్ మీద ఉదయ్ సాగర్ కట్టడం మొదలుపెట్టి 1565కు ముగించాడు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో హుస్సేన్ సాగర్ తయారైంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు పాలకులు ఒకే దశాబ్దంలో ముందు చెరువు కట్టించి ఆ తరవాత ఊరిని పెరగనిచ్చారు. చార్మినార్ లేచేసరికి హుస్సేన్ సాగర్‌కు పాతికేళ్లు దాటాయి.

నీటి వరుసలో ఊరిని చూడదలచినవారు పడమటి కొండ మీది సజ్జన్‌గఢ్‌తో మొదలుపెట్టాలి. మామూలుగా సూర్యాస్తమయం కోసం దాన్ని చివరికి అట్టిపెడతారు. అది పొరపాటు. సుమారు 944 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం నుంచి చూస్తే లోయ మొత్తం పటం పరిచినట్టు కనిపిస్తుంది. ఏ వాలు నీళ్లు ఏ చెరువులోకి దిగుతాయో, ఏ రెండు గుట్టల మధ్య కట్ట పడిందో, ఊరు ఎందుకు అక్కడే ఒత్తుగా పెరిగిందో అక్కడినుంచే తెలుస్తుంది. మహారాణా సజ్జన్‌సింగ్ 1884లో ఈ భవనం తలపెట్టింది వానమబ్బుల రాకను చూడటానికి. తొమ్మిది అంతస్తుల ఖగోళశాల కట్టాలని ఆయన ఊహ. అదే ఏడాది పాతికేళ్ల వయసులో చనిపోయాడు. తరవాత వచ్చిన ఫతే సింగ్ దాన్ని కుదించి పూర్తి చేశాడు. కొండ కొమ్మున బావి లేదు కనుక భవనం పైన పడే వాననే నేలకింది తొట్టెల్లోకి మళ్లించి వాడుకున్నారు. మబ్బు కోసం ఎదురుచూడటానికే ఒక మేడ కట్టుకున్న రాజు కథ కరవు సీమల్లో పుట్టినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

కొండ దిగితే పిచోలా. సీసార్మా వాగు ప్రధానంగా దీన్ని నింపుతుంది. నిండినప్పుడు పొడవు నాలుగు కిలోమీటర్లు, వెడల్పు మూడు. తూర్పు ఒడ్డు గుట్ట మీద కోట. యాత్రికులు సిటీ ప్యాలెస్ అని పిలిచే ఈ కోట ఒక్క భవనం కాదు. 1559లో మొదలై దాదాపు నాలుగు వందల ఏళ్లపాటు ఒక్కొక్క రాణా తనవంతుగా చేర్చుకుంటూ పోయిన పదకొండు మహళ్ల వరుస. నీటి వైపునుంచి చూస్తే 244 మీటర్ల పొడవున ఒకే గోడలా కనిపించడం కట్టినవారి నేర్పు. లోపల మాత్రం ఇరుకు నడవలు, వంపు మెట్లు, ఒక్కొక్కరే దూరగలిగిన గుమ్మాలు. చిత్తోర్‌ను పోగొట్టుకున్న వంశం కట్టుకున్న ఇల్లు అలాగే ఉంటుంది. ప్రవేశ ప్రాంగణంలో ఎనిమిది తోరణాలున్నాయి. రాజులు బంగారం, వెండితో తులాభారం తూగి పంచిపెట్టిన చోటు అది.

ఈ కోటలో తప్పక ఆగాల్సినవి రెండు. మొదటిది అమర్ విలాస్ తోట. మెట్లు ఎక్కి ఎక్కి పై అంతస్తుకు చేరాక అక్కడ పెద్ద చెట్లు, కొలను కనిపించి కొత్తవారు నివ్వెరపోతారు. నిజానికి ఆ తోట మేడ మీద లేదు, నేల మీదే ఉంది. సుమారు 27 మీటర్ల ఎత్తున్న సహజమైన రాతి గుట్టను కొట్టేయకుండా దాని చుట్టూ మహళ్లు అల్లుకుంటూ పోయారు కనుక గుట్ట తల మేడ నడిబొడ్డున తేలింది. రెండవది కృష్ణ విలాస్. ఇప్పుడు చిన్న చిత్రాల గది. మహారాణా భీమ్‌సింగ్ కూతురు కృష్ణకుమారి కోసం జయపూరు, జోధ్‌పూరు రాజులు ఇద్దరూ పట్టుబట్టి సేనలు కదిపితే, రాజ్యాన్ని కాపాడుకోవడానికి ఆ పిల్లకు 1810లో విషం ఇచ్చారు. ఆమె వయసు పదహారేళ్లు. గది పేరు ఆమెదే. అద్దాల నెమళ్లున్న మోర్ చౌక్ దగ్గర గుంపులు గుంపులుగా నిలబడే జనం ఈ గదిని రెండు నిమిషాల్లో దాటిపోవడం బాధ కలిగిస్తుంది.

అదే గదిలోని చిత్రాలూ ఊరిని చూడటం నేర్పుతాయి. 18వ శతాబ్దం మొదటినుంచి మేవాడ్ చిత్రకారులు దేవతల కథలతో పాటు తమ ఊరినే పెద్ద పెద్ద కాగితాల మీద గీయసాగారు. చెరువు, దీవి, రేవు, వానకు పచ్చబడిన కొండ, పడవలో రాజు, ఒడ్డున మొసలి. ఏ భవనం ఎక్కడుందో ఇవాళ గుర్తుపట్టగలిగినంత కచ్చితంగా ఉంటాయి. అయినా వారు పట్టుకోవాలనుకున్నది కొలతలను కాదు, తొలి వాన తరవాతి గాలిని, వెన్నెట్లో నీటి మీది చల్లదనాన్ని. చిత్రాలు చూసి కోట కిటికీలోంచి బయటికి చూస్తే, దీవులు అవే, కొండలు అవే.

దీవుల్లో పాతది జగ్ మందిర్. కరణ్‌సింగ్ మొదలుపెట్టగా మొదటి జగత్‌సింగ్ 17వ శతాబ్దంలో పూర్తి చేశాడు. రేవులోనే రాతి ఏనుగుల బారు పడవలకు ఎదురొస్తుంది. తండ్రి జహంగీరు మీద తిరగబడ్డ ఖుర్రం, అంటే తరవాతి షాజహాన్, 1623 ప్రాంతంలో ఇక్కడ తలదాచుకున్నాడు. మొగలులతో తరాల పాటు పోరాడిన ఇల్లే మొగలు రాజకుమారుడికి నీడ ఇచ్చింది. ఇక్కడి గుల్ మహల్ చూసే తాజ్ మహల్ ఊహ పుట్టిందని పడవవాళ్లు చెప్పే మాటకు గట్టి ఆధారం లేదు. ఆశ్రయం ఇచ్చిన సంగతి మాత్రం నిజం, అదే చాలినంత గొప్పది. 1857 తిరుగుబాటులో నీమచ్ నుంచి పారిపోయి వచ్చిన ఐరోపా కుటుంబాలను మహారాణా స్వరూప్‌సింగ్ దాచిందీ ఈ దీవిలోనే.

రెండవ దీవి జగ్ నివాస్‌ను రెండవ జగత్‌సింగ్ 1743, 1746 మధ్య కట్టించాడు. 1963 నుంచి అది హోటలు. నీటి మీద తేలుతున్నట్టు కనిపించే ఆ తెల్లని భవనమే ప్రపంచమంతటా ఉదయ్‌పూర్‌కు గుర్తు. చాలామందికి అది దూరంనుంచి చూసే భాగ్యమే, దూరంనుంచి చూడటమే అందం కూడా. చెరువు నడుమ మరో చిన్న రాతి తిన్నె ఉంది, నటనీ చబూత్రా. తాడు మీద నడిచి చెరువు దాటితే సగం రాజ్యం ఇస్తానని ఒక రాణా మత్తులో గారడీ పిల్లతో పందెం కట్టాడని, ఆమె ఒడ్డు చేరబోతుండగా మంత్రులు తాడు తెగ్గొట్టారని కథ. మహళ్లకు లెక్కలేనన్ని ఫొటోలు తీసే యాత్రికుల పడవలు దీని పక్కనుంచి ఆగకుండా పోతాయి.

ఒడ్డున గణగౌర్ రేవు, దాని మీద 18వ శతాబ్దపు దివాను అమర్‌చంద్ బడవా కట్టించిన బాగోర్ హవేలీ. రేవు పేరు చైత్రంలో వచ్చే గౌరి పండుగది. ఆడవారు తలమీద మట్టి గౌరమ్మలను పెట్టుకుని ఊరేగింపుగా ఈ మెట్లు దిగి నీటిదాకా వస్తారు. గౌరమ్మను నీళ్లకు సాగనంపే పండుగ తెలంగాణవారికి కొత్త కాదు. అక్కడినుంచి నాలుగు అడుగుల్లో జగదీశ్ గుడి. మొదటి జగత్‌సింగ్ 1651లో కట్టించిన ఈ విష్ణ్వాలయంలో మూర్తి నల్లరాతిది, ఎదుట ఇత్తడి గరుత్మంతుడు. 32 మెట్లు నిట్టనిలువుగా ఎక్కాలి. ఉదయం భజన వేళ వెళితే గుడి ఊరివాళ్లది, పదకొండు దాటాక యాత్రికులది.

పిచోలా నిండితే నీరు ఉత్తరానికి స్వరూప్ సాగర్‌లోకి జారుతుంది, అక్కడినుంచి కాలువ మీదుగా ఫతే సాగర్‌కు చేరుతుంది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను ఎరిగినవారికి ఈ అమరిక చూడగానే అర్థమవుతుంది. 17వ శతాబ్దం చివర మహారాణా జైసింగ్ అక్కడ కట్టిన చెరువు వరదకు తెగిపోతే, ఫతే సింగ్ 1889లో మళ్లీ కట్టించాడు. ఈ కట్టను ఊరివాళ్లు పాల్ అంటారు. సాయంత్రమైతే ఊరు ఊరంతా పాల్ మీదే ఉంటుంది. కాల్చిన మొక్కజొన్న కంకులు, మట్టి కప్పుల్లో కాఫీ, స్కూటర్ల మీద వచ్చి గోడ మీద కూర్చునే కుర్రకారు. కోటకు టిక్కెట్టు కొనాలి, పాల్‌కు అక్కర్లేదు. ఉదయ్‌పూర్‌లో ఒక్క సాయంత్రమే చేతిలో ఉన్నవారు మహళ్లను వదులుకున్నా దీన్ని వదులుకోకూడదు.

మంచి వాన పడిన ఏడాది గేట్లు ఎత్తే రోజు, నీరు పలచని దుప్పటిలా దూకే దృశ్యాన్ని ఇక్కడివారు చాదర్ అంటారు. జనం పిల్లాపాపలతో వెళ్లి చూస్తారు, పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. మత్తడి దుంకిందనో అలుగు పారిందనో తెలిసి కట్టల మీదికి పరుగెత్తే తెలుగు పల్లెల సంబరం ఇదే. పర్యాటక శాఖల పుస్తకాల్లో ఇది చూడదగ్గ స్థలాల కింద రాదు, ఎందుకంటే తేదీ చెప్పలేరు.

ఫతే సాగర్ కట్ట కింద సహేలియోంకీ బాడీ ఉంది. 18వ శతాబ్దం మొదట్లో రెండవ సంగ్రామ్‌సింగ్ అంతఃపుర స్త్రీల కోసం వేయించిన తోట. పాలరాతి ఏనుగుల తొండాల నుంచి, ఛత్రీలనే గొడుగు మండపాల అంచుల నుంచి నీరు చిమ్ముతుంది. చెరువులో నీటిమట్టం తోటకన్నా ఎత్తు కావడంతో మోటారు లేకుండానే ఆ జల్లు పడేట్టు అమర్చారు. తూము కింద మడికి నీరు పారే సూత్రమే తోటలో ఆటగా మారింది. వంద ఏళ్ల కిందటి పిల్లలకూ ఇవాళ్టి పిల్లలకూ ఆ జల్లు కింద పట్టే సంతోషం ఒకటే.

అదే చెరువులో ఒక దీవి మీద 1970లలో సౌర వేధశాల వెలిసింది. ఎండకు నేల కాగి, వేడిగాలి పైకి లేచి అల్లాడితే దుర్భిణిలో సూర్యబింబం వణుకుతుంది. చుట్టూ నీరుంటే నేలంత త్వరగా కాగదు, గాలి నిలకడగా ఉంటుంది, బింబం తేటగా పడుతుంది. రాణాలు దాహానికి, పంటకు, వేడుకకు నిలబెట్టిన నీరు ఇలా సూర్యుడి మచ్చలను పరిశీలించేవారికీ అక్కరకొచ్చింది.

ఈ నీళ్లు ఎప్పుడూ ఉంటాయన్న పూచీ లేదు. 2000ల మొదట్లో వరస కరవుల్లో పిచోలా అడుగు కనిపించింది. దీవి హోటలుకు పడవ బదులు జీపు పోయింది, చెరువు శిఖంలో పశువులు మేశాయి. పై కొండల్లో అడవి నరకడం, ఒడ్డున హోటళ్లు కిక్కిరిసిపోవడం, మురుగు కలవడం అందుకు తోడయ్యాయి. ఊరివాళ్లు ఊరుకోలేదు. చెరువుల కోసం సంఘాలుగా కూడారు, కోర్టులకెక్కారు, పలుగూ పారా పట్టి గుర్రపుడెక్క తీశారు. పడమటి కొండల కింద పది కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచి సబర్మతి వైపు పోయే నీటిని ఇటు మళ్లించారు. 2025 జనవరిలో ఇందోర్‌తో పాటు ఉదయ్‌పూర్‌కు రాంసర్ ఒప్పందం కింద చిత్తడినేలల నగరంగా గుర్తింపు వచ్చింది. భారతదేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి రెండు నగరాలివే. గుర్తింపు వచ్చింది కదా అని మురుగు ఆగదు. రేవు మెట్ల మీద కూర్చున్నవారికి ఆ సంగతి వాసనే చెబుతుంది.

మిగులు నీరు ఆహార్ నదిలో పడి ఊరి తూర్పు అంచున పోతుంది. ఆ ఒడ్డున ఊరికన్నా వేల ఏళ్లు పాతదైన దిబ్బ ఉంది. రాగి కరిగించి, నలుపు ఎరుపు కుండలు చేసిన మనుషులు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. రాణాలు నీటి కోసం ఇక్కడికి వచ్చిన మొదటివారు కారు. పక్కనే రాజవంశపు దహనవాటిక, 1620లో పోయిన మొదటి అమర్‌సింగ్ నుంచి పంతొమ్మిది మంది మహారాణాల స్మారక ఛత్రీలు. ఎవరూ పెద్దగా రారు, పావురాల చప్పుడు తప్ప మరేదీ వినిపించదు. అక్కడినుంచి నీరు ఉదయ్ సాగర్ చేరి, దాని అలుగు దాటి బేరచ్‌గా సాగుతుంది.

ఊరు దాటి చూడాల్సిన కట్టలు రెండున్నాయి. ఆగ్నేయంగా యాభై కిలోమీటర్ల దూరంలో జైసమంద్, జైసింగ్ 17వ శతాబ్దం చివర గోమతికి అడ్డంగా వేయించిన పాలరాతి కట్ట. నిండితే 87 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. కట్ట మీద రాతి ఏనుగులు నీటివైపు తొండాలెత్తి నిలుచుంటాయి. ఆవలి ఒడ్డు కంటికి ఆనదు.

రెండవది ఉత్తరాన అరవై కిలోమీటర్లకు పైగా పోతే వచ్చే రాజ్‌సమంద్. 1660ల కరవులో జనానికి పని, కూలి దొరకాలని మహారాణా రాజ్‌సింగ్ మొదలుపెట్టిన కట్ట ఇది, 1676కు పూర్తయింది. దారిలో నాథ్‌ద్వారా గుడి, కట్ట పక్కనే కాంక్రోలీ ద్వారకాధీశుని గుడి. రెండూ వల్లభాచార్యుల సంప్రదాయానివి. ఆయన తెలుగు వెలనాటి వైదిక కుటుంబంలో పుట్టినవారు. అక్కడి గోస్వాములు ఆయన సంతతివారు. నౌ చౌకీ అనే పాలరాతి కట్టకు పొదిగి 25 పెద్ద రాతి పలకల మీద చెక్కిన సంస్కృత కావ్యముంది, పేరు రాజప్రశస్తి. మేవాడ్ రాజుల చరిత్ర, ఈ కట్ట నిర్మాణం, ప్రతిష్ఠనాటి దానాలు అందులో ఉన్నాయి. రాసిన కవి రణఛోడ్ భట్ట్ తైలంగ్. ఇంటిపేరులా నిలిచిన ఆ తైలంగ్ అన్న మాట ఆయన పూర్వీకుల నేల ఏదో చెబుతుంది. పలకలు కట్ట మెట్ల దగ్గరే, చేత్తో తాకగలిగినంత ఎత్తున ఉన్నాయి. నీరు కట్ట నిండా ఉన్న ఏడాది కింది మెట్లు మునిగి, వెలుతురు నీటి మీదినుంచి లేచి అక్షరాల మీద కదులుతుంది.